తాబేలుకు కుడిపక్క

మా ఆయన రోడ్నీ వారంలో ఐదు రోజులు కారు నడపడం నేర్పుతాడు. ఆదివారాలు రోమన్ సైన్యంలో దళనాయకుడు, వాళ్ళ మాటలో సెంచూరియన్. రెండు చోట్లా చేసే పని ఒకటే, పక్కవాళ్ళ మీద అరవడం. దళం పొరపాటున గోతివైపు నడుస్తోందనుకోండి, ఎర్ర కుచ్చు ఉన్న ఇనుప టోపీ పెట్టుకుని కూడా కుడికాలితో నేలని నొక్కేస్తాడు, బ్రేకు పడుతుందేమోనని.

దళమంటే మరీ ఊహించుకోకండి, పాతకాలపు రోమన్ యుద్ధాలని వేషాలు కట్టి ఆడి చూపించే సరదా బృందం. మా థార్న్‌బర్న్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్న ప్లంబరు, పశువుల డాక్టరు, బడి పంతుళ్ళు, రైల్వేలో రిటైరైనవాళ్ళు, అంతా కలిపి ఓ ఇరవైమంది. గోడ పక్కన పుట్టినవాళ్ళం. రోమన్లు కట్టి వదిలేసి పోయిన ఆ గోడ మీద కూర్చుని చిన్నప్పుడు శాండ్‌విచ్‌లు తిన్నాం. వయసొచ్చాక దాని చాటున ప్రేమించుకున్నాం. మా ముత్తాతలైతే దాని రాళ్ళు ఊడబీకి గొర్రెల దొడ్లు కట్టుకున్నారు. అలాంటప్పుడు వేసవిలో కొన్ని ఆదివారాలు కవచాలు తొడుక్కుని దాని ముందు నిలబడడం మాకు వింతేం కాదు. మాకు వింత ఎండే.

నా పేరు థెల్మా. దళం సామానంతా మా పెరటి షెడ్డులో ఉంటుంది. కవచాలకి తుప్పు పట్టకుండా చూడడం, చొక్కాలు కుట్టడం, ఉతకడం, ప్రదర్శన రోజున కట్టెల పొయ్యి మీద పప్పు ఉడకబెట్టడం నా వంతు. రెండు వేల ఏళ్ళు వెనక్కి వెళ్ళినా ఆడదానికి ఇదే పని దొరికిందని రోడ్నీని దెప్పుతుంటాను. సాక్ష్యాధారాలు అలాగే ఉన్నాయంటాడు. సాక్ష్యాధారం అనే మాట మా ఆయనకి ఊతపదం.

విల్ఫ్ టెల్ఫర్డ్ మా వీధి పోస్ట్‌మాన్. మేం కాపురం పెట్టినప్పటినుంచీ ఉత్తరాలు వాడే తెచ్చేవాడు. మా ఇంటికొచ్చే పార్సెళ్ళు మోయడం వాడికి పెద్ద శిక్ష, ఇనుప టోపీలు తేలిగ్గా ఉండవు కదా. ఒకసారి అట్టపెట్టె చివర చిరిగి కత్తి మొన బయటికొచ్చింది. వాడు గంట కొట్టి, దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని, మీ మొగుడూ పెళ్ళాలకి ఏమన్నా గొడవయితే ఇప్పుడే చెప్పు, దీన్ని వెనక్కి పంపించేస్తానన్నాడు. పొడుగ్గా, సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. పెళ్ళి చేసుకోలేదు. రోజంతా ఒక్కడే నడవడం, సాయంత్రం ఒక్కడే పబ్బులో మూల కుర్చీలో కూర్చోవడం. అలాంటివాడు రిటైరైన వారమే గురువారం సాయంత్రం మేం సాధన చేసే చర్చి హాలుకొచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, కొత్తవాళ్ళు ఏం తెచ్చుకోవాలని అడిగాడు.

ఏమీ తెచ్చుకోవద్దన్నాడు రోడ్నీ. కొత్తవాళ్ళందరికీ చెప్పేదే చెప్పాడు. మొదటి ఏడాది ఒక్క వస్తువు కూడా కొనకు, దళం సామాను వాడుకో, నీకై నువ్వు కొన్నదల్లా తప్పే అవుతుంది. ఇది నిజమే. ఒకాయన ముందే ఉత్సాహపడి, సినిమాలో చూసి, నల్లతోలు కవచం కొనుక్కొచ్చాడు. ఇప్పుడది ఆయన క్యాబేజీ మడిలో దిష్టిబొమ్మ తొడుక్కుంది.

నేను విల్ఫ్‌ని షెడ్డులోకి తీసుకెళ్ళి కొలతలు చూశాను. వాడి తలకి ఏ టోపీ సరిపోలేదు, చివరికి లోపల నా పాత స్వెటరు ముక్క కుట్టి బిగించాను. చేతిగడియారం తీయించాను. కళ్ళజోడు కూడా తీయమంటే బెంబేలు పడ్డాడు. అది లేకపోతే ఎదుటిది మనిషో గొర్రో తెలియదట. తెలియకపోయినా ఫరవాలేదు, రెండూ నీకు శత్రువులేనని చెప్పాను. తర్వాత మేకుల చెప్పులు. అడుగున ఇనుప మేకులుండే ఆ చెప్పులు పచ్చిక మీద గట్టిగా పట్టుకుంటాయి, తారు మీద వేస్తే మంచు మీద నడిచినట్టే. ఈ సంగతి కొత్తవాళ్ళకి మేం ముందు చెప్పం. తిరిగొచ్చాక హాలు ముందు కార్లు నిలిపే చోట వాడు రెండడుగులు వేసి, మూడో అడుగుకి పశువుల డాక్టరు కారుని వాటేసుకున్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. వాడూ నవ్వాడు. అంతవరకూ బాగానే ఉంది.

రోడ్నీ వాడికి చెక్కకత్తి, డాలు ఇచ్చాడు. విల్ఫ్ కత్తిని ఎడమచేత్తో పట్టుకున్నాడు, డాలుని కుడిచేతికి తగిలించాడు.

"అటుది ఇటు మార్చు" అన్నాడు రోడ్నీ.

"నాది ఎడమచేతి వాటం, రోడ్నీ."

"రోమన్ సైన్యంలో ఆ వాటం లేదు. మార్చు."

కారణం ఉంది, ఊరికే కాదు. వరుసలో అందరి డాలూ ఎడమచేతిలో ఉంటుంది, కత్తి కుడిచేతిలో. నా డాలు నన్నే కాదు, నాకు ఎడమపక్క నిలబడ్డవాడి కుడి భుజాన్ని కూడా కాస్తుంది. వరుసలో ఒక్కడు చేతులు మార్చాడంటే అక్కడ తలుపు బార్లా తెరిచిపెట్టినట్టే. ఇదంతా రోడ్నీ వాడికి ఓపిగ్గానే చెప్పాడు. విల్ఫ్ విని, చేతులు మార్చుకున్నాడు. కానీ మొహంలో ఇందాకటి నవ్వు లేదు.

ఆ రాత్రి చెప్పుల తాళ్ళు విప్పడం రాక నా ముందు కాలు చాపి కూర్చున్నప్పుడు వాడే చెప్పాడు. బళ్ళో మిస్ ప్రింగిల్ అనే టీచరు ఎడమచేత్తో రాస్తే స్కేలుతో వేళ్ళ మీద కొట్టేదట. అప్పటికీ మారకపోతే ఆ చేతిని కుర్చీకి కట్టేసేదట. మారాడు. కుడిచేత్తో రాయడం వచ్చింది, దాంతోపాటు నత్తీ వచ్చింది. ఆ నత్తి పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. తినేటప్పుడు మాత్రం ఎడమచెయ్యే, పక్కపిల్లలకి మోచెయ్యి తగులుతోందని బెంచీ చివర కూర్చోబెట్టిందట. ఆ తర్వాత ఇంట్లో, పెళ్ళిళ్ళలో, పోస్టాఫీసు విందుల్లో, ఎక్కడ తిన్నా మూలే.

"ఒక్కసారి వరుసలో నిలబడాలనుంది, థెల్మా. అటొకడు, ఇటొకడు. అంతే" అన్నాడు.

ఏడుపొచ్చే మాట మామూలుగా అనేవాళ్ళంటే నాకు భయం. తాళ్ళు విప్పేసి, గురువారం ఎగ్గొట్టకుండా రమ్మని మాత్రం చెప్పాను.

ఆ చలికాలమంతా వాడు కుడిచేతికి బుద్ధి చెప్పాడు. టీ కలపడం, పళ్ళు తోముకోవడం, గేటు తీయడం అన్నీ ఆ చేత్తోనే. గడ్డం గీసుకోవడం కూడా మొదలుపెట్టి రెండు గాట్లు పడ్డాక అదొక్కటి మానేశాడు. హాల్లో మిగతావాళ్ళు టీ తాగుతుంటే వాడు మూల నిలబడి గాలిని పొడిచేవాడు. ప్లంబరు డెస్మండ్ వాడిని ఏడిపించని రోజు లేదు. ఏం విల్ఫ్, ఆ చెయ్యి అద్దెకి తెచ్చుకున్నావా, జాగ్రత్త, గీతలు పడితే వాళ్ళు ఊరుకోరు అనేవాడు. విల్ఫ్ నవ్వి ఊరుకునేవాడు. మంచు కరిగేసరికి రోడ్నీ వాడిని పరీక్షించి, అరవకుండా తల ఊపాడు. రోడ్నీ అరవలేదంటే మెచ్చుకున్నట్టే.

జూన్‌లో మొదటి ప్రదర్శన. గోడ కింద మైదానంలో తాళ్ళు కట్టారు, జనం మడతకుర్చీలు, గొడుగులు, తినడానికి పోర్క్ పైలతో వచ్చి కూర్చున్నారు. మాకు ఎదురు గ్లెనిస్ దండు. గ్లెనిస్ మా ఊరి లైబ్రరీలో పనిచేస్తుంది. వారమంతా నిశ్శబ్దం నిశ్శబ్దం అంటుంది కనుక ఆదివారం మొహానికి నీలం పూసుకుని ఈ దేశపు పాతతెగల నాయకురాలై, గొంతు చించుకుని, కొండ మీంచి పరుగెత్తుకొస్తుంది. ఆవిడ కేక వింటే నాకే గరిటె జారిపోతుంది.

విల్ఫ్ వరుస మధ్యలో నిలబడ్డాడు. అటు పశువుల డాక్టరు, ఇటు డెస్మండ్. నేను పప్పు కుండ దగ్గర నుంచి చూశాను, వాడి వీపు కొత్త పెళ్ళికొడుకులా నిటారుగా ఉంది. గ్లెనిస్ కేక పెట్టింది. నీలం మొహాలు దిగుతున్నాయి. కళ్ళజోడు లేని విల్ఫ్‌కి అవి ఆఖరి క్షణంలో గాని కనిపించినట్టు లేవు. కనిపించగానే చేతులు వాటికవే మారిపోయాయి. చలికాలమంతా నేర్పిన చదువు ఒక్క గావుకేకకి ఎగిరిపోయింది. డాలు కుడికి, కత్తి ఎడమకి. ఆ సందులోంచి గ్లెనిస్, ఆవిడ వెనక మరో ఆరుగురు లోపలికొచ్చి పడ్డారు. డెస్మండ్ బొటనవేలు రెండు డాళ్ళ మధ్య నలిగింది. వాడు లాటిన్ కాని భాషలో ఏదో అన్నాడు. రోడ్నీ నేలని ఎంత నొక్కినా బ్రేకు పడలేదు. రోమ్ సామ్రాజ్యం ఒకళ్ళ మీద ఒకళ్ళుగా కుప్పకూలింది. జనం లేచి నిలబడి ఈలలు వేశారు, అంత బాగా ఎప్పుడూ కుదరలేదని మెచ్చుకున్నారు కూడా.

రోడ్నీ ఆ సాయంత్రం విల్ఫ్‌ని పక్కకి పిలిచాడు. కోపంగా ఏం లేడు, అదే ఎక్కువ బాధనిపించింది. చెక్కకత్తయినా కన్ను పోతుంది, వరుసలో నిన్ను నిలబెట్టలేను, థెల్మాకి సాయంగా తిరగలి విసురు, జనానికి చూపించడానికి అదీ ముఖ్యమే అన్నాడు. విల్ఫ్ సరేనన్నాడు. వాడు జీవితమంతా అన్నిటికీ సరేనన్నవాడు.

గ్లెనిస్‌కి సంగతి తెలిసి ఆవిడే వచ్చింది. మా దండులోకి వచ్చెయ్, ఏ చేత్తోనైనా పట్టుకో, కాలితో పట్టుకున్నా మాకు ఇబ్బంది లేదని పిలిచింది. మంచి మనసుతోనే పిలిచింది. వాడు కృతజ్ఞతలు చెప్పి, రానన్నాడు. ఎందుకు రావని తర్వాత నేను నిలదీస్తే, తిరగలి తిప్పుతూనే జవాబిచ్చాడు.

"అక్కడ ఎవరిష్టం వాళ్ళది. వరుసే లేదు కదా."

ఇక్కడ తాబేలు సంగతి చెప్పాలి. ప్రదర్శన చివర మా దళం తాబేలు కడుతుంది. ముందువరుస డాళ్ళు ముందుకి, మధ్యవాళ్ళవి తలల మీదికి, పక్కవాళ్ళవి బయటికి పెట్టి, ఒక పెద్ద పెట్టెలా ముందుకి నడుస్తారు. పిల్లలకి తలా ఒక టెన్నిస్ బంతి ఇచ్చి కొట్టమంటాం. ఊరంతా వచ్చేది దీని కోసమే. ఎడమపక్కవాళ్ళకి ఇబ్బంది లేదు, డాలున్న చెయ్యే బయటివైపు ఉంటుంది. కుడిపక్కవాళ్ళకే చావు. ఎడమచేతిలో ఉన్న డాలుని ఒంటికడ్డంగా లాగి కుడివైపు పట్టుకోవాలి. పది అడుగులకే చెయ్యి లాగేస్తుంది, డాలు జారుతుంది, సందు పడుతుంది. ఆ సందుకి సరిగ్గా లోపల ఉండేది డెస్మండ్ చెవి. మా ఊరి పిల్లలందరికీ ఇది తెలుసు, బంతులివ్వగానే కుడిపక్కకి వెళ్ళి వరుస కడతారు. డెస్మండ్ ప్రతిసారీ ఎర్ర చెవితో ఇంటికెళ్ళడం మాకు ప్రదర్శన ముగిసిందనడానికి గుర్తు.

జూలైలో ఒక ముసురు రోజున సాధనకి మనుషులు తక్కువయ్యారు. కుడిపక్క ఖాళీ ఉంది. తిరగలి దగ్గరున్న విల్ఫ్‌ని రోడ్నీ పిలిచి, కత్తి అక్కర్లేదు, డాలు పట్టుకుని ఖాళీ నింపితే చాలన్నాడు. సాధనలో బంతులుండవు, బకెట్టులో తడిపిన స్పాంజీలతో కొట్టేది నేను. ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకున్న ఏకైక ఆటవిడుపు అది.

ఎప్పటిలాగే కుడిపక్కకి వెళ్ళి డెస్మండ్ చెవికి గురిపెట్టాను. మొదటిది డాలుకి తగిలింది. రెండోదీ తగిలింది. నా చెయ్యి తప్పిందేమోనని దగ్గరికెళ్ళి కొట్టాను, అదీ అంతే. బకెట్టు ఖాళీ అయింది. లోపలి నుంచి డెస్మండ్ గొంతు వినిపించింది. థెల్మా ఇంటికి వెళ్ళిపోయిందా అని అడుగుతున్నాడు.

వంగి చూశాను. విల్ఫ్ డాలుని కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆ చేతికది అడ్డంగా లాగాల్సిన పని లేదు, బయటివైపు గోడలా నిలబడింది. ఎడమచేత్తో ఉత్తరాలు పంచినన్నాళ్ళూ సంచీ మోసింది ఆ కుడి భుజమే, అది వణకనైనా వణకలేదు. చేతులు మారాయని వాడికే తెలిసినట్టు లేదు. నా మొహం చూసి, కిందికి చూసుకుని, తెల్లబోయి మార్చుకోబోయాడు.

"కదిలావంటే చంపుతా" అన్నాను.

రోడ్నీ వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. కుడిచేత్తో డాలు పట్టిన సిపాయి ఉన్నట్టు సాక్ష్యాధారం లేదని చెప్పి, సాధన ముగించేశాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చాక బంగాళాదుంపలు తొక్క తీస్తూ రోడ్నీని కడిగేశాను. నీ చొక్కా లోపల వేసుకునే ఉన్ని బనీనుకి సాక్ష్యాధారం ఏ తవ్వకంలో దొరికిందో చెప్పమన్నాను. మేజోళ్ళకి దొరికింది గాని బనీనుకి దొరకలేదని ఒప్పుకున్నాడు. మరి ఎలా వేసుకుంటున్నావంటే, కనపడదు కదా అన్నాడు. చలేస్తుందని వేసుకుంటున్నావు, అందులో తప్పులేదు, విల్ఫ్‌కీ అరవై ఏళ్ళుగా చలేస్తోంది, అది నీకు కనపడడం లేదు అన్నాను.  రోడ్నీ భోజనం చేసి, పళ్ళేలు కడిగి, పడుకున్నాడు.

పొద్దున్నే వంటింటి కిటికీలోంచి చూద్దును కదా, పైజమాలో, కాళ్ళకి రబ్బరు బూట్లతో, మా ఆయన పెరట్లో డాలు పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని ఎడమచేత్తో కుడివైపు అడ్డంగా పట్టుకుని కంచెదాకా నడిచాడు. జారింది. చెయ్యి మార్చి, కుడిచేత్తో పట్టుకుని మళ్ళీ నడిచాడు. మళ్ళీ మార్చాడు. పక్కింటావిడ బట్టలారేస్తూ చూసి, ఈ ఇంట్లో ఇది మామూలేనన్నట్టు తన పని తను చేసుకుంది. లోపలికొచ్చి టీ తాగుతూ రోడ్నీ ఒక్క ముక్కే అన్నాడు, వీపు పట్టేసిందని. నేను రెట్టించలేదు. ఆలోచిస్తున్నప్పుడు మాట్లాడిస్తే వెనక్కి పోతాడు.

ఆగస్టు ప్రదర్శన నాటికి కూడా రోడ్నీ విల్ఫ్‌తో ఏమీ చెప్పలేదు. విల్ఫ్ పొద్దున్నే వచ్చి తిరగలి దగ్గర కూర్చున్నాడు. యుద్ధమైంది, గ్లెనిస్ ఓడిపోయింది, పిల్లలకి బంతులు పంచాం. అంతా కుడిపక్కకి పరుగెత్తి చోటు కోసం తోసుకుంటున్నారు. డెస్మండ్ చెవి మీదికి టోపీ లాక్కుంటున్నాడు. అప్పుడు రోడ్నీ అందరికీ వినపడేలా పిలిచాడు.

"సిపాయి టెల్ఫర్డ్. కుడిపక్కకి రా."

విల్ఫ్ చేతికంటిన పిండి దులుపుకుని లేచాడు. ఎవరో డాలు అందించారు. దాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని రోడ్నీ ముందు నిలబడిపోయాడు.  చాలా ఏళ్ళ కింద పోయిందనుకున్న నత్తి మళ్ళీ వచ్చింది.

"ఏ... ఏ చేత్తో?"

రోడ్నీ నేల చూపులు చూశాడు. "నీ చేత్తో" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, పక్కనున్న వాళ్ళందరికీ చెప్పాడు. "అటుపక్కని కాయగలిగిన మనిషి మనకింతవరకూ లేడు. ఇప్పుడున్నాడు. పదండి."

తాబేలు కదిలింది. పిల్లలు శక్తికొద్దీ కొట్టారు. బంతులు డాళ్ళ మీద వడగళ్ళలా మోగి పచ్చికలో దొర్లాయి. కుడిపక్క సందు కోసం వెతుక్కుంటూ ఒక పిల్లది తాబేలు వెంబడే పరుగెత్తి, చివరికి కాలు నేలకేసి కొట్టి, ఇది మోసమని వాళ్ళమ్మకి ఫిర్యాదు చేసింది. నేను పప్పు మాడిపోతున్నా చూసుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అడిగినవాళ్ళకి పొగ వల్లని చెప్పాను. తాళ్ళ దాకా వెళ్ళి తాబేలు విడిపోయింది. డెస్మండ్ టోపీ తీసి, మామూలు రంగులో ఉన్న తన చెవిని పట్టుకుని జనానికి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం పబ్బుకి వెళ్ళాం. మేకుల చెప్పులతో లోపలికి రానివ్వరు, అందరం మేజోళ్ళతోనే. పొడుగు బల్లకి రెండువైపులా బెంచీల మీద దళమంతా సర్దుకుంది. విల్ఫ్ గ్లాసు తీసుకుని, అలవాటు ప్రకారం, మూల కుర్చీవైపు నడిచాడు.

"ఎక్కడికి?" అన్నాడు డెస్మండ్. వాడు అప్పటికే పశువుల డాక్టరుని అటు నెట్టి, బెంచీ మధ్యలో చోటు చేశాడు.

"నా మోచెయ్యి తగులుతుంది, డెస్."

"తగలనీ. నువ్వు లేకపోతే బంతులు తగిలేవి."

 విల్ఫ్ ఒక కాలు, ఇంకో కాలు బెంచీ మీంచి దాటించి, డాక్టరుకీ డెస్మండ్‌కీ మధ్య కూర్చున్నాడు. ఎడమచేత్తో గ్లాసు ఎత్తాడు. అనుకున్నట్టే మోచెయ్యి వెళ్ళి డెస్మండ్ చేతిని గుద్దింది, సగం బీరు డెస్మండ్ ఒళ్ళో పడింది. విల్ఫ్ బిగుసుకుపోయి, గ్లాసు కుడిచేతిలోకి మార్చుకోబోయాడు.

డెస్మండ్ ఎవరిదో వంటింట్లో పైపు పగిలిన కథ చెబుతున్నాడు. తడిసిన చొక్కా వైపు చూడనైనా చూడకుండా, రుమాలుతో తుడుచుకుంటూ, కథ ఆపకుండా, తన గ్లాసుని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుని కొంచెం జరిగాడు. విల్ఫ్ ఆ గ్లాసు వంక చూశాడు, తర్వాత తన గ్లాసు వంక చూసుకున్నాడు. దాన్ని ఎడమచేతిలోనే ఉంచుకుని, పైపు కథ వింటూ, మెల్లగా తాగాడు.